బళ్లారి త్రోవను వచ్చిన తపాలా
(శ్రీ జే. ఆర్. డీ. టాటాగారి జీవితము)

మన అగళికి ఉత్తరముగా బళ్లారి పట్టణము కలదు. అనంతపురము ప్రత్యేకముగా ఒక జిల్లా యగుటకు ముందు, అనగా 1882 వరకు, మన ప్రాంతమునకు కచేరీ పట్టణము అదియే. కోటకును, ప్రత్తికిని, వేసవి యెండలకును బళ్లారి పేరు పొందినదని మన పెద్దలు చెప్పుదురు. దానికి మరియొక ప్రసిద్ధి కలదు. దానిని చెప్పువారు తక్కువ. 1932 సంవత్సరము అక్టోబరు మాసమున కరాచీనుండి చెన్నపట్టణమునకు మొదటిసారి వాయుమార్గమున తపాలా వచ్చినప్పుడు, ఆ తపాలా దారిలో దిగిన తావులు మూడే మూడు. అవి అహమ్మదాబాదు, బొంబాయి, బళ్లారి. ఆ విమానములను నడపిన సంస్థ పేరు ఇప్పుడు ఏ విమానము మీదను కానరాదు. దానిని స్థాపించి, పెంచి, తుదకు పరుల చేతికి అప్పగించి, అప్పగించిన పిమ్మటను దానికే పనిచేసిన మహనీయుడు జహంగీర్ రతన్‌జీ దాదాభాయి టాటాగారు.

ఈయన 1904 జులై 29వ తేదిని పారిస్ నగరమున జన్మించెను. తండ్రి రతన్‌జీ దాదాభాయి టాటా పారసీకుడు, జంషెడ్‌జీ టాటాగారికి దగ్గర బంధువు, వ్యాపారమున తోడు. తల్లి సుజానె బ్రియేర్ ఫ్రెంచి వనిత. బాల్యము చాలవరకు ఫ్రాన్సు దేశముననే గడచెను. ఇంట మాట్లాడు భాషయు ఫ్రెంచియే. వేసవి సెలవులకు కుటుంబము హార్డెలో అను సముద్రతీర గ్రామమునకు పోవుచుండెడిది. అచ్చట వారి యింటికి సమీపముననే లూయీ బ్లెరియో గారి యిల్లు. 1909లో ఇంగ్లీషు కాలువను విమానముమీద మొట్టమొదట దాటిన వాడు ఈ బ్లెరియోయే. ఇసుకతిన్నెలమీద విమానములు దిగుటయు, మరల లేచిపోవుటయు ఆ బాలుడు కన్నులార చూచెను. పదునేనవ యేట ఎవరో రుసుము తీసికొని జనులను విమానమున త్రిప్పుచుండగా తానును ఒకసారి యెక్కెను. తాను వైమానికుడు కావలయునని ఆ దినముననే నిశ్చయించుకొనెను. అయితే ఆ నిశ్చయము నెరవేరుటకు మరి పది సంవత్సరములు పట్టెను.

ఆ పది సంవత్సరములు సుఖముగా గడచినవి కావు. 1923లో తల్లి క్షయరోగముతో మరణించెను. ఫ్రెంచి పౌరుడగుటచేత ఒక సంవత్సరము అచ్చటి అశ్వదళమున సైనికుడుగా నుండవలసివచ్చెను. పిమ్మట కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చేరవలయునని కోరెనుగాని, తండ్రి ఆయనను బొంబాయికి రప్పించి 1925లో టాటా కార్యాలయమున జీతములేని శిష్యునిగా నియమించెను. పని నేర్పుటకు జాన్ పీటర్సను అను స్కాట్లండు దేశీయుని చెంత కూర్చుండబెట్టిరి. ఈ పీటర్సను పేరు చదువరులు గుర్తుంచుకొనవలయును. తరువాత కథలో ఆయన మరల వచ్చును. మరుసటి సంవత్సరముననే తండ్రియు గతించెను. ఇరువదిరెండేండ్ల పడుచువానిమీద తమ్ముల, అక్కచెల్లెండ్ర పోషణయు, తండ్రి అప్పులును పడినవి. కళాశాల పట్టము లేదను కొరత ఆయన మనస్సున కడవరకు ఉండెను. ఆ కొరతను తీర్చుకొనుటకు రాత్రులయందు గ్రంథములు ముందిడుకొని చదివెడివాడు.

1929లో బొంబాయి ఫ్లయింగు క్లబ్బు తెరచినంతనే అందు చేరి, కొద్ది గంటల శిక్షణము కాగానే ఒంటరిగా విమానము నడపెను. ఆ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదిని ఆయనకు లైసెన్సు లభించెను. దానిమీది సంఖ్య 1. ఈ దేశమున ఇచ్చిన విమాన చోదక లైసెన్సులలో అదియే మొదటిది. ఫ్రెంచి పౌరసత్వమును విడిచి భారతీయుడైనదియు ఆ యేడే.

ఆగాఖాను గారు ఒక బహుమానమును ప్రకటించిరి. ఇంగ్లండునకును హిందూదేశమునకును మధ్య ఒంటరిగా విమానము నడపి ఒక మాసములో చేరిన మొదటి భారతీయునికి 500 పౌనులు. ముగ్గురు యువకులు పూనుకొనిరి. మన్‌మోహను సింగు, ఆస్పీ ఇంజనీరు అనువారు ఇంగ్లండునుండి ఇటు బయలుదేరిరి. టాటాగారు కరాచీనుండి అటు బయలుదేరెను. ఐగుప్తు దేశమున అబూకిరు అను తావున టాటాగారు దిగినప్పుడు, ఎదురు దిక్కునుండి వచ్చిన ఆస్పీ అచ్చట చిక్కుకొని యుండెను. అతని యంత్రమునకు స్పార్కు ప్లగ్గు కావలసియుండెను, దగ్గర వేరొకటి లేదు. అతనికి అప్పటికి పదునెనిమిదేండ్లు నిండలేదు. టాటాగారు తనవద్ద అదనముగా నున్న ప్లగ్గును అతనికిచ్చి, తన దారిని తాను పోయెను. ఆస్పీ కొన్ని గంటల ముందుగా గమ్యము చేరి బహుమానమును గెలిచెను. టాటాగారు ప్లగ్గు ఇయ్యకున్నచో బహుమానము ఎవరిదయ్యెడిదో చెప్పనక్కరలేదు. ఆ ఆస్పీ ఇంజనీరే 1960లో భారత వాయుసేనకు అధిపతి యయ్యెను. మన్‌మోహను సింగు 1942లో ఆస్ట్రేలియా తీరమున జపానువారి విమాన దాడిలో ప్రాణము లర్పించెను.

ఇక మన బళ్లారికి సంబంధించిన వాడు వేరొకడు కలడు. నెవిలు విన్‌సెంటు దక్షిణాఫ్రికా దేశస్థుడు, బ్రిటిషు వాయుసేనలో పనిచేసిన వాడు. యుద్ధకాలపు పాత విమానములను రెంటిని తెచ్చుకొని, ఒక స్నేహితునితో కూడ 1929లో ఈ దేశమంతట తిరుగుచు, రుసుము చెల్లించిన వారిని ఆకాశమున త్రిప్పి దింపుచుండెను. అట్లు తిరుగుచు ఈ దేశపు నేలను, గాలిని, వానలను చక్కగ నెరిగెను. అప్పటికి లండనునుండి ఇంపీరియలు ఎయిర్‌వేసువారి తపాలా విమానములు కరాచీవరకు వచ్చుచుండెను. సముద్రములును ఎడారులును దాటి వారము దినములలో కరాచీ చేరిన జాబు, అచ్చటనుండి దక్షిణాదికి రైలులో దినముల తరబడి ప్రయాణము చేయవలసివచ్చెడిది. విమానమున సంపాదించిన కాలమంతయు రైలున పోవుచుండెను. కరాచీనుండి చెన్నపట్టణమునకు తామే విమానము నడపినయెడల ఈ నష్టము తీరునని విన్‌సెంటు టాటాగారితో చెప్పెను. ఒకరికి ధనమును వంశప్రతిష్ఠయు కలవు; ఒకరికి అనుభవము కలదు. ఇరువురికిని విమానములన్న వ్యామోహము సమానము.

కంపెనీ అధిపతి సర్ దోరాబ్జీ టాటా వృద్ధుడు, వ్యాధిగ్రస్తుడు. గాలిలో సొమ్ము పెట్టుట ఆయనకు రుచింపలేదు. అప్పుడు పీటర్సనుగారు నడుమ నిలిచి నచ్చజెప్పి, రెండు లక్షల రూపాయలు వ్యయపరచుటకు అనుమతి సంపాదించిపెట్టెను. అంతటితో కష్టములు తీరలేదు. ప్రభుత్వమువారు ధనసహాయము చేయమనిరి. మూడేండ్లు దరఖాస్తులమీద దరఖాస్తులు పోయినవి. తుదకు ఏ సహాయమును కోరక, మోసిన తపాలా బరువునుబట్టి కూలి యిచ్చిన చాలునని టాటాలు ఒప్పుకొనగా, 1932 ఏప్రిలులో ఒడంబడిక జరిగెను. దోరాబ్జీగారు ఆ జూనులోనే కాలధర్మము చెందెను. తాను అనుమతించిన విమానము లేచుట చూడలేదు.

ఆ సంస్థ ఆస్తి యెంత యని విద్యార్థులు అడుగుదురేమో. పుస్ మాత్ అను చిన్న విమానములు రెండు. ఒక్కొక్కదానికి ఒక యంత్రము. ఉక్కు గొట్టముల చట్రముమీద గుడ్డ బిగించిన శరీరము. గంటకు నూరు మైళ్ల వేగము. టాటా, విన్‌సెంటు, హోమీ భరూచా అను ముగ్గురు చోదకులు. బొంబాయియందు విమానము నిలుచుటకు జుహూ తీరమున ఒక బురద నేలయు, తాటాకుల పాకయు. వానకాలమున ఆ నేల మునిగిపోవును గనుక అప్పుడు పూనాకు తరలిపోవలెను. విమానములో రేడియో లేదు. క్రిందనున్న రైలుపట్టాలను, నదులను, కొండలను చూచుకొనుచు దారి తెలిసికొనవలసినదే.

1932 అక్టోబరు 15వ తేది ఉదయము ఆరు గంటల ముప్పది యైదు నిమిషములకు టాటాగారు కరాచీలోని డ్రిగ్ రోడ్డు మైదానమునుండి లేచెను. తపాలా బరువు 55 పౌనులు. మన తపాలావాడు సైకిలుమీద మోయగల బరువే యది. అహమ్మదాబాదున పెట్రోలు నాలుగు గ్యాలనుల డబ్బాలలో ఎద్దుబండిమీద వచ్చెను. గాలిలోని వానికి కావలసిన నూనెను నేలమీది ఎద్దులు తెచ్చియిచ్చిన ఆ దృశ్యమును టాటాగారు పిమ్మట పలుమారు తలచుకొనెను. మధ్యాహ్నము రెండు గంటలకు ముందే ఆయన జుహూలో దిగెను. అచ్చట విన్‌సెంటు సిద్ధముగా నుండెను. సంచులు రెండవ విమానములోనికి మారినవి. ఆయన పడమటి కనుమలను దాటి, దక్కను పీఠభూమిమీదుగా వచ్చి, ఆ రాత్రికి బళ్లారిలో నిలిచి, మరునాడు చెన్నపట్టణము చేరెను.

ఆ బళ్లారి మజిలీని గురించి కొంచెము నిలిచి ఆలోచింపదగును. బొంబాయికిని చెన్నపట్టణమునకును మధ్య ఆ చిన్న విమానము ఒక్క బిగిని పోలేదు. ఎచ్చటనో దిగి నూనె పోసికొనవలెను. బళ్లారి చుట్టును సమమైన మైదానము. నడుమ ఏకశిలలుగ నిలిచిన గుట్టలు దూరమునుండియే కనబడును. రైలు పట్టాలు పలు దిక్కులకు పోవును. రేడియో లేని చోదకునికి అంతకు మించిన గురుతు లేమి కావలయును? పెద్ద నగరమైనందున కాక, నేల యట్లున్నందున ఆ గౌరవము బళ్లారికి దక్కినది. కొంతకాలము గడచిన పిమ్మట ఆ మజిలీ హైదరాబాదునకు మారెను. బళ్లారి మాట మరుగున పడెను.

మొదటి సంవత్సరమున ఆ రెండు విమానములు 1,60,000 మైళ్లు తిరిగి, 155 మంది ప్రయాణికులను, పది టన్నుల తపాలాను మోసెను. లాభము 60,000 రూపాయలు. ఇవన్నియు అట్లుండ, ఏడాది పొడవునను, పడమటి కనుమలలోని వర్షాకాలముతో కూడ, ఒక్కనాడును తపాలా ఆలస్యము కాలేదు. నా దృష్టికి టాటాగారి జీవితమున ఇంతకంటె గొప్ప కార్యము లేదు. ప్రయాణికులని చెప్పితినిగాని, వారి సౌఖ్యమును ఊహించుకొనరాదు. మొదటి స్థానము సంచులది. సంచులు సర్దగా మిగిలిన చోటు మనుష్యునిది. యంత్రపు మ్రోతలో ప్రక్కవాని మాట వినబడదు. ఎండ వేళ భూమినుండి లేచు వేడిగాలికి విమానము గతుకుల బాటను పోవు బండివలె ఎగిరెగిరి పడును. అట్టి ప్రయాణమునకు రుసుము చెల్లించి పోయిన ఆ 155 మంది ధైర్యవంతులే.

1938లో టాటాగారు తన ముప్పదినాలుగవ యేట టాటా కంపెనీల కన్నిటికిని అధ్యక్షుడయ్యెను. ఉక్కు, విద్యుత్తు, సిమెంటు, నూలు మిల్లులు అన్నియు ఆయన చేతి క్రిందికి వచ్చినను మనస్సు మాత్రము విమానములమీదనే యుండెను. యుద్ధము వచ్చినది. పూనాలో విమాన కర్మాగారమును స్థాపింపవలయునని విన్‌సెంటు కలగని, ఆ పనిమీద 1942 జనవరిలో ఇంగ్లండునకు పోవుచుండగా, ఆయన యెక్కిన విమానము ఫ్రాన్సు తీరపు సమీపమున కనబడకుండ పోయెను. బళ్లారికి తొలి తపాలాను తెచ్చిన వానికి సమాధియైనను లేదు. ఆయన వయస్సు సుమారు నలువదేండ్లు. టాటాగారికి ఇది సోదరుని పోగొట్టుకొన్నట్టి దుఃఖము.

1946 జులై 29న టాటా ఎయిర్‌లైన్సు అను పేరు మాసి, ఎయిర్ ఇండియా అను పేరుతో ప్రజలు వాటాలు కొనదగిన సంఘమయ్యెను. ఆ దినము టాటాగారి జన్మదినము. 1948 జూన్ 8వ తేదిని మలబారు ప్రిన్సెస్ అను నాలుగు యంత్రముల విమానము 35 మంది ప్రయాణికులతో బొంబాయినుండి కైరో, జెనీవాల మీదుగా లండనునకు పోయెను. టాటాగారును భార్య థెల్మాగారును అందే యుండిరి. రెండు పుస్ మాత్‌లతో బళ్లారికి వచ్చిన సంస్థ పదునారేండ్లలో లండను చేరెను.

ఆ రోజులలో దేశమున విమాన సంఘములు పుట్టగొడుగులవలె లేచినవి. యుద్ధానంతరము అమెరికావారు విడిచిపోయిన డకోటా విమానములు కారుచౌకగా దొరకుటయే దానికి కారణము. మన తెలుగువారికి మిక్కిలి పరిచితమైనది హైదరాబాదు బేగంపేటనుండి నడచిన డెక్కను ఎయిర్‌వేసు. నిజాము ప్రభుత్వపు రైల్వేవారును టాటాలును కలిసి 1945లో దానిని స్థాపించిరి. చెన్నపట్టణము, హైదరాబాదు, నాగపురము, ఢిల్లీ త్రోవను దాని డకోటాలు పోవుచుండెడివి. నేలమీద నిలిచినప్పుడు డకోటాకు తోక క్రిందను ముక్కు పైనను ఉండును గనుక ప్రయాణికుడు లోనికి పోగానే కొండ యెక్కినట్లు నడచి తన కుర్చీని చేరవలెను. విమానము లేచునప్పుడు చెవులలో పెట్టుకొనుటకు దూదియు, చప్పరించుటకు పిప్పరమెంటు బిళ్లలును పళ్లెమున తెచ్చి యిచ్చెడివారు. 1949లో రాత్రి తపాలా ఏర్పాటు వచ్చినప్పుడు ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, చెన్నపట్టణములనుండి నాలుగు విమానములు అర్ధరాత్రివేళ నాగపురమున కలిసికొని, తపాలాను, ప్రయాణికులను మార్చుకొని తెల్లవారునప్పటికి తమతమ తావులకు మరలుచుండెను. ఇన్ని సంఘములకు లైసెన్సు లిచ్చినచో ఏ యొకటియు బ్రతుకజాలదని టాటాగారు మొదటినుండియు హెచ్చరించుచునే యుండెను. అట్లే జరిగెను, ఒక్కొక్కటియు నష్టములలో మునిగెను.

1953 ఆగస్టు 1వ తేదిని ప్రభుత్వము విమాన సంఘముల నన్నిటిని స్వాధీనము చేసికొనెను. డెక్కను ఎయిర్‌వేసు, భారత ఎయిర్‌వేసు, హిమాలయను ఏవియేషను, కళింగ ఎయిర్‌లైన్సు, ఇండియను నేషనలు ఎయిర్‌వేసు మొదలైన ఎనిమిది సంఘములు ఆ దినముతో అంతరించెను. అవి యన్నియు ఇండియను ఎయిర్‌లైన్సులో కలిసిపోయెను. (రెండు మాసములు గడచిన పిమ్మట, అక్టోబరు 1న, బళ్లారి పట్టణమును మననుండి విడిపోయి మైసూరు రాష్ట్రమున చేరెను. తపాలా త్రోవయు, ఆ త్రోవలోని మజిలీయు ఒక్క యేటనే చేతులు మారినవి.) తాను ఇరువది యొక్క సంవత్సరములు పెంచిన దానిని తనతో సరిగా సంప్రదింపకయే తీసికొనిరని టాటాగారు మిక్కిలి బాధపడెను. నెహ్రూగారితో స్నేహమున్నను తన యసమ్మతిని దాచుకొనలేదు.

ఇచ్చట ఆయన యెదుట రెండు మార్గములుండెను. చేతులు దులుపుకొని పోవుట యొకటి. రెండవది, విదేశములకు పోవు విమానముల సంస్థకు అధ్యక్షుడుగా నుండుమని ప్రభుత్వము కోరగా ఒప్పుకొనుట. ఆయన రెండవదానిని చేపట్టెను, జీతము తీసికొనలేదు. ఇరువదియైదు సంవత్సరములు పరుల ఆస్తికి తన ఆస్తివలె కాపలా కాచెను. ప్రయాణము చేసిన ప్రతిసారియు కన్నులు తెరచుకొని కూర్చుండి, కనబడిన లోపముల నన్నిటిని వ్రాసి అధికారులకు పంపెడివాడు. తెరల రంగు వెలిసినదని యొకమారు. టీ యేదో కాఫీ యేదో రంగునుబట్టి తెలియకున్నదని యొకమారు. విమానాశ్రయమున బల్లమీద దుమ్మున్నచో నౌకరును పిలువక తానే గుడ్డ తీసికొని తుడిచెను. 1962లో ప్రపంచమున కేవలము జెట్ విమానములనే నడపు మొదటి సంస్థయను పేరు ఎయిర్ ఇండియాకు దక్కెను. ఈ పట్టుదలను చాదస్తమని నవ్విన వారును లేకపోలేదు. జాబుల సంచిని ఒక్కనాడును ఆలస్యము చేయనివానికి టీ రంగు స్వల్ప విషయముగా తోచకుండుట వింత కాదు.

1978 ఫిబ్రవరిలో అప్పటి మొరార్జీ దేశాయి ప్రభుత్వము ఆయనను అధ్యక్ష పదవినుండి తొలగించెను. ఆ మాట ప్రభుత్వమునుండి కాక, తన తరువాత నియమితుడైన ఎయిర్ చీఫ్ మార్షలు లాలుగారి నోట ఆయన మొదట వినెను. ఆయన వయస్సు అప్పటికి డెబ్బదిమూడేండ్లు. ఇరువదియైదేండ్లు కూలి లేక పనిచేసినవానికి ఇంటికి పొమ్మని తిన్నగా చెప్పుపాటి మర్యాదయు లేకపోయెనుగదా యని చదువరులకు తోచును, ఆయనకును తోచియుండును. 1980లో ఇందిరాగాంధిగారి ప్రభుత్వము పాలకవర్గమున సభ్యత్వమిచ్చి మరల పిలువగా, అధ్యక్షత లేకున్నను పోయి కూర్చుండెను.

తపాలా ప్రారంభమై 50 సంవత్సరములు నిండిన 1982 అక్టోబరు 15వ తేదిని, డెబ్బదియెనిమిదేండ్ల వయస్సున, ఆయన ఒక పాత మాత్ విమానమును తెప్పించుకొని కరాచీనుండి బొంబాయికి ఒంటరిగా నడపుకొని వచ్చెను. కరాచీ అప్పటికి వేరొక దేశము. తొలినాటి త్రోవయే, అహమ్మదాబాదున దిగుటయు నాటి వలెనే.

1992లో భారతరత్న బిరుదము ఆయనను వరించెను. 1993 నవంబరు 29వ తేదిని జెనీవా నగరమున మరణించెను. పుట్టిన పారిస్ నగరముననే, పేర్ లాషేజు శ్మశానమున, తలిదండ్రుల చెంత ఆయనను ఉంచిరి. ఎయిర్ ఇండియా 2022 జనవరి 27వ తేదిని ప్రభుత్వమునుండి మరల టాటాల చేతికి వచ్చెను. అప్పటికి ఆయన గతించి ఇరువదియెనిమిది సంవత్సరములు.